గోడ మీది చరిత్ర, గుడ్డ మీది చరిత్ర: ఓరుగల్లు చుట్టుపక్కల

వరంగల్ వెళ్లొచ్చిన వాళ్లను అడిగితే వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప, లక్నవరం వంతెన అని నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటారు. మేమూ దాదాపు ఆ దారినే పట్టాం. కానీ ఊరి చరిత్రను ఊరి జనం తమ చేతులతో, తమ గొంతులతో ఇప్పటికీ ఎక్కడెక్కడ నిలుపుకుంటున్నారో చూడాలన్నది నా పట్టుదల. నాతోపాటు మా చిన్నాన్న వచ్చారు. వరంగల్ కొత్తవాడలో పుట్టి, షత్రంజీ (నూలు తివాచీ) మగ్గాల మధ్య పెరిగిన మనిషి. దేన్నీ ఊరికే మెచ్చుకునే రకం కాదు కాబట్టి ఇలాంటి ప్రయాణానికి మంచి తోడు.

హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ దగ్గర పడుతుందనగా రహదారి పక్కన పెంబర్తి ఇత్తడి దుకాణాలు తగులుతాయి. చాలామంది కారు ఆపి, ఒక దీపపు కుందె కొనుక్కుని వెళ్లిపోతారు. వీలైతే ఊళ్లోకి నడిచి, సుత్తి చప్పుడు వినిపించే ఇంటి ముందు ఆగండి. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తారు. లక్క పరిచిన పలక మీద దాన్ని ఆనించి, వెనక నుంచి ఉలితో కొడుతూ పోతే ముందు వైపు బొమ్మ ఉబ్బుతుంది. కాకతీయుల నాటి గుళ్లకు, రథాలకు తొడుగులు చేసిన పనితనమే నిజాం కాలంలో పాన్‌దాన్లకు, అత్తరు డబ్బాలకు మళ్లింది. ఇప్పుడు జ్ఞాపికలు, ద్వారాల తొడుగులు. కొనడానికి మంచి చోటు. కూర్చుని తెలుసుకోవడానికి మాత్రం పనివాళ్ల ఓపికే ఆధారం, ఆర్డర్ల మీద ఉన్నవాళ్లను ఎంతసేపని ఆపుతాం?

జనగామలో టిఫిన్ కానిచ్చి, సిద్దిపేట వైపు తిరిగితే చేర్యాల. బస్సులు ఉంటాయి, సొంత బండి ఉంటే ఇంకా సుఖం. ఈ యాత్రలో ఎక్కువసేపు గడపాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం. చూడటానికి గోపురాలు, కోటలు ఉండవు. ఒక మామూలు ఇంటి ముందు గదిలో నకాషీ కళాకారులు, అంటే పొడవాటి గుడ్డ పటాల మీద కథలను బొమ్మలుగా వేసేవాళ్లు, కూర్చుని పని చేస్తుంటారు, అంతే.

ముందు ఖాదీ గుడ్డ తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత పట్టిస్తారు. ఆరనిచ్చి మళ్లీ పూత, ఆరనిచ్చి మళ్లీ. అప్పుడు గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది, చుడితే మాత్రం పగలదు. మేము వెళ్లినప్పుడు చింతగింజల అంబలి పొయ్యి మీద ఉడుకుతోంది, గది నిండా ఒక రకమైన పుల్లటి, మట్టి వాసన. ఆ అంబలినే రంపపు పొట్టుతో కలిపి ముఖోటాలు (మాస్కులు) చేస్తారు. గుడ్డ మీద బొమ్మల వెనక భాగమంతా ఎరుపు. ఆ ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, తెలుపుకు గవ్వల పొడి వాడేవారట. ఇప్పుడు చాలావరకు సీసా రంగులే. ఆ మాట దాచకుండా చెప్పారు, అది నాకు నచ్చింది.

ఈ పటాలు గోడకు వేలాడదీసుకోవడానికి పుట్టినవి కావు. ఒక్కో కులానికి దాని పుట్టుక కథ, ఒక్కో కథకు చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ, భావనాఋషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వారు పాండవుల కథ, గొల్లలకు మందహెచ్చుల వారు కాటమరాజు కథ, గౌడులకు గౌడజెట్టి వారు వాళ్ల కుల కథ, మాదిగలకు డక్కలి వారు జాంబపురాణం. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో హక్కులు ఉండేవి. కథకుడు వచ్చి నకాషీ వాళ్లకు పటం పురమాయిస్తాడు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవున్న ఆ పటాన్ని రాత్రిపూట దీపం వెలుగులో ఒక్కో వరుసే విప్పుతూ పాడతాడు. కథ వినే కులం వాళ్లే ధాన్యం, డబ్బు ఇస్తారు. పటం పాతబడి చిరిగితే చెత్తలో పారేయరు, మనిషికి చేసినట్టు క్రతువు చేసి నీళ్లలో కలుపుతారు. జనాన్ని చరిత్రతో కలిపే కళ అని ఇప్పుడు ప్రాజెక్టులు రాసేవాళ్లు ముందు ఈ ఏర్పాటును చూడాలి. బొమ్మకు డబ్బు పెట్టేది, కథ వినేది, తప్పు వస్తే నిలదీసేది అన్నీ ఆ జనమే.

చిన్నాన్న అక్కడ ఒక పటంలో భావనాఋషి పులి మీద వస్తున్న వరుసను చూసి ఆగిపోయారు. ‘‘మా వీధిలో ఈ బొమ్మ విప్పినప్పుడు మా నాయనమ్మ లేచి దండం పెట్టేది. మేము పిల్లలం నిద్రపోతే వీపు మీద చరిచి లేపేది’’ అన్నారు. ఆ పక్కన కూర్చున్న కళాకారుడు నవ్వి, ఇప్పుడు ఇంత పొడుగు పటం అడిగేవాళ్లు అరుదని, ఎక్కువగా ఒక్క వరుస చట్రాలు, తాళపు చెవుల గుత్తులు, ముఖోటాలే పోతున్నాయని చెప్పారు. చిన్న ముఖోటా కొన్ని వందల్లో దొరుకుతుంది. చేత్తో వేసిన పెద్ద పటం వేలల్లో ఉంటుంది, ఉండాలి కూడా. బేరం ఆడేముందు ఒక్క అంచు పూల వరుస వేయడానికి ఎంతసేపు పడుతుందో కళ్లారా చూడండి.

చేర్యాలలో రాత్రి బస పెట్టుకోవద్దు. భోజనానికి సాదా మెస్సులు ఉన్నాయి, పప్పు, పచ్చిపులుసు బాగున్నాయి. దగ్గర్లోని కొమురవెల్లి మల్లన్న గుడికి వెళ్తే ఒగ్గు కథ వినే అదృష్టం పట్టొచ్చు. జాతర రోజుల్లో, ఆదివారాల్లో అయితే మరీ.

మద్దూరు వైపు వెళ్తే బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సాయుధులు ఈ ఊరి మీద పడి తొంభై మందికి పైగా చంపారు. ఊరి వాళ్లు బురుజు ఎక్కి ఎదురు కాల్పులు జరిపారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, పక్కన చనిపోయిన వాళ్ల పేర్లతో స్తూపం. టికెట్టు లేదు, గైడు లేడు, నీడ కూడా సరిగా లేదు. కానీ అడిగితే చెప్పడానికి ఊళ్లో ఎవరో ఒకరు ముందుకొస్తారు. మాకు చెప్పిన పెద్దాయన స్తూపం మీద ఒక పేరును వేలితో రుద్ది దుమ్ము దులిపి, ఇది మా మేనమామ అన్నారు. తరవాత చాలాసేపు మరో పేరు దగ్గరకు వెళ్లలేదు. యాత్రికుల వసతులతో కొలిస్తే ఈ చోటుకు మార్కులు పడవు. నేను కొలవదలచుకోలేదు.

హన్మకొండలో బస గురించి చెప్పాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, కాజీపేట దారిలో మధ్యతరగతికి అందే హోటళ్లూ ఉన్నాయి. మొదటి రాత్రి మేము బస్టాండ్‌కు ఆనుకుని ఉన్న ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్లు రోజంతా అని చెప్పి, పొద్దున ఆరు నుంచి ఏడు వరకే ఇచ్చారు. రాత్రంతా బస్సుల హారన్లు. మర్నాడే సుబేదారి వైపు మారాం. డబ్బు కొంచెం ఎక్కువైనా నిద్ర దక్కింది. ఆటోలకు ఫోను యాప్‌లు పనిచేస్తాయి కానీ కోట నుంచి తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం బండి దొరకడం కష్టం, వెళ్లిన ఆటోనే ఆపుకోవడం మేలు. తినడానికి: సర్వపిండి ఎక్కడ వేడిగా కనిపిస్తే అక్కడ ఆగండి.

నగరంలో గోడల మీద బొమ్మలకు కొదవ లేదు. వంతెన స్తంభాల మీద, కాంపౌండు గోడల మీద రుద్రమదేవి, కీర్తితోరణం, బతుకమ్మ. మళ్లీ రుద్రమదేవి, మళ్లీ తోరణం. చేయి తిరిగిన పనే, దూరం నుంచి అందంగానే ఉన్నాయి. కానీ ఆ వీధి కథ ఆ గోడ మీద లేదు. ఏ వాడకు వెళ్లినా అదే తోరణం అయ్యేసరికి ఆటోవాళ్లు కూడా దాన్ని చూడటం మానేశారు. కోచింగ్ సెంటర్ల పోస్టర్లు రుద్రమ ఖడ్గాన్ని సగం మింగేశాయి.

కోటలో వేరు. పురావస్తు శాఖ కంచె లోపల స్వయంభూ ఆలయ శిథిలాలు, నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు, చూడాల్సిందే. టికెట్టు కొనుక్కుని పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం రాయి సెగలు కక్కుతుంది. 1323లో ఢిల్లీ సేనల చేతికి చిక్కిన ఈ రాజధాని లోపల ఇప్పటికీ ఊరు బతుకుతోంది. మట్టికోటకు, రాతికోటకు మధ్య పొలాలు, ఇళ్లు, బడి పిల్లలు. కంచె బయట ఒక సందులో ఎవరో పిల్లలతో గోడ మీద బొమ్మలు వేయించారు. అందులోనూ తోరణం ఉంది. అయితే దాని అడ్డదూలానికి చీరలు ఆరేసి ఉన్నాయి, కింద రెండు మేకలు, ఒక బోరింగు. నేను ఫొటో తీస్తుంటే ఒక అమ్మాయి వచ్చి, ‘‘తోరణం మా అన్నవాళ్లు వేశారండీ. మేక మాత్రం నేనే’’ అంది. మేకకు అయిదు కాళ్లు ఉన్నాయని చిన్నాన్న చెబితే, అది తోక అని కోప్పడింది. నగరమంతా తిరిగినా నాకు ఎక్కువ గుర్తున్న గోడ అదే. దాని మీద ఒక్క పోస్టరూ లేదు.

కొత్తవాడ యాత్రికుల జాబితాల్లో ఉండదు. వరంగల్ షత్రంజీలకు భౌగోళిక గుర్తింపు 2018లో వచ్చింది గానీ మగ్గాలు మాత్రం తగ్గిపోతున్నాయి. చిన్నాన్న పాత స్నేహితుల ఇంట్లో పడుగు మీద పేక సర్దుతున్న ఒక ముసలాయన, కొనేవాళ్లు అడిగితే తోరణం కూడా నేస్తామన్నారు, గీతలే కాబట్టి షత్రంజీకి సులువట. సహకార సంఘం దుకాణాల్లో ధర స్థిరం, నాణ్యతకు భరోసా. ఇళ్లలో కొంటే కొంచెం తక్కువకు వస్తుంది, కబుర్లు అదనం.

వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. ఏళ్ల తరబడి విప్పి పెట్టిన కల్యాణ మంటపం రాళ్లను మళ్లీ పేర్చి 2024 మార్చిలో శివరాత్రి నాడు తెరిచారు. కొత్త రాయి ఎక్కడ, పాత రాయి ఎక్కడ అని వెతుక్కుంటూ తిరగడం మంచి కాలక్షేపం. ఈ గుడిని దాని అసలు కళలో చూడాలంటే పెత్రమాస (మహాలయ అమావాస్య) సాయంత్రం, ఎంగిలిపూల బతుకమ్మ నాడు రావాలి. వేలమంది ఆడవాళ్లు పూలు పేర్చుకుని వచ్చి ఆవరణ నిండా ఆడతారు. చెప్పులు, పిల్లలు తప్పిపోవడం ఖాయం. పార్కింగు మాట ఎత్తకండి, కిలోమీటరు ముందే బండి వదిలి నడవాలి. పాటల్లో పురాణమూ ఉంటుంది, పుట్టింటి బాధా ఉంటుంది, కొత్తగా కట్టిన ఊరి సంగతులూ ఉంటాయి.

ఇక రామప్ప. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నీళ్లలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక, నల్లరాతి మదనికలు, వీటి గురించి అందరూ రాసినవే. నాకు కొత్తగా తోచింది పేరిణి. కాకతీయుల సేనాపతి జాయప రాసిన నాట్యగ్రంథం ‘నృత్తరత్నావళి’ని, ఈ గుడి శిల్పాల్ని ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ ఆ నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. గైడును తీసుకుంటే ముందే చెప్పండి, ఇటుక కథ వద్దు, నాట్య శిల్పాల దగ్గర ఎక్కువసేపు ఆగుదాం అని. మా గైడు మొదట కంగారుపడ్డా, తరవాత తనే ఒక భంగిమ పట్టి చూపించాడు. హన్మకొండ నుంచి ములుగు దాకా బస్సులు బాగానే ఉన్నాయి, అక్కడి నుంచి పాలంపేటకు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ కలిపి మాట్లాడండి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ ముందు వారం నుంచే ములుగు దారి ట్రాక్టర్లతో, బస్సులతో నిండిపోతుంది. రామప్ప చూద్దామని అప్పుడు బయల్దేరితే గది దొరకదు, దొరికినా మూడింతలు అడుగుతారు. చేర్యాలకు మాత్రం ఏ నెలలోనైనా వెళ్లొచ్చు, వానాకాలంలో తప్ప. పూత ఆరక పని నెమ్మదిస్తుంది. చిన్నాన్న భావనాఋషి వరుస ఒకటి పురమాయించి వచ్చారు. దసరా తరవాత పంపిస్తామన్నారు, డబ్బు సగమే తీసుకున్నారు.