ఆరేళ్లు నాతో తిరిగిన నావిగేటర్, దాని కరెంటు తిప్పలు

దేవరకొండలో కిరాయి కారు నడుపుతాను. వారానికి రెండు ట్రిప్పులైనా శ్రీశైలానికి ఉంటాయి. డిండి, హాజీపూర్, మన్ననూర్ చెక్‌పోస్టు, ఆ తర్వాతంతా నల్లమల. 2019 ఎండాకాలంలో కొన్న 5 అంగుళాల నావిగేటర్, అంటే దారి చూపే పరికరం, అప్పటి నుంచి ముందద్దానికే ఉంది. ఆరేళ్లు దాటింది కాబట్టి దాని మంచి చెడ్డలు ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఎక్కువ చెప్పేది మాత్రం కరెంటు గురించే. దీనితో నేను పడ్డ కష్టమంతా అక్కడే.

ఫోన్ ఉండగా ఇదెందుకని బండి ఎక్కిన వాళ్లంతా అడుగుతారు. మన్ననూర్ దాటినాక సిగ్నల్ ఎక్కడ పోతుందో, మళ్లీ ఎక్కడ వస్తుందో చెప్పలేం. దీనికి సిమ్ అక్కర్లేదు. మ్యాపు లోపలే ఉంటుంది, మనం ఉన్న చోటు ఉపగ్రహాల నుంచి తెలుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి తిరుగు ప్రయాణం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిదారి మూసేస్తారు. దర్శనం ఆలస్యమైన రోజు, కృష్ణ మీద వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కుతున్నప్పుడే మన్ననూరుకు ఎన్నింటికి చేరతామో నాకు తెలియాలి. ముసలివాళ్లు, చంటిపిల్లలు బండిలో ఉంటారు. తెర మూలన కనిపించే ఆ టైము కోసమే నేను దీన్ని నమ్ముకున్నాను. ఫోన్లో మ్యాపు ముందే దింపుకోవచ్చు, నేనూ దింపుకున్నాను. కానీ మా నల్లగొండ ఎండకు అద్దం దగ్గర పెట్టిన ఫోన్ వేడెక్కిపోయి వెలుతురు తగ్గించేసుకుంటుంది. పైగా కిరాయి వాళ్ల ఫోన్లు దానికే వస్తాయి. నా పనికి వేరే పరికరమే మేలు.

మొదటి నాలుగేళ్లు ఒక్క మాట అనడానికి లేదు. తర్వాత మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే చాలు, కరెంటు అందడం లేదు, కాసేపట్లో ఆగిపోతాను అని తెర మీద అక్షరాలు వచ్చేవి. ప్లగ్గును వేలితో నొక్కితే పోయేవి. కొన్ని నెలలు అట్లనే నొక్కుకుంటూ నడిపాను. ఒక సాయంత్రం ఈగలపెంట దాటినాక ఘాట్ మలుపుల్లో తెర నల్లబడిపోయింది. ఎంత నొక్కినా రాలేదు. ఆ రోజు 9 లోపల గేటు దాటాం గానీ, దారి పొడుగునా నా గుండె నా దగ్గర లేదు.

పట్నంలో ఒక షాపులో చూపిస్తే రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. డబ్బులు జేబులోంచి తీయబోయి ఆగాను. మా ఊళ్లో ముప్పై ఏళ్ల నుంచి బండ్ల వైరింగ్ చూస్తున్న కాకా ఉన్నాడు. ఆయన చూడకుండా కొనడం మనసుకు ఒప్పలేదు.

కాకా నావిగేటర్‌ను ముట్టుకోనే లేదు. తాళం తిప్పి, నావిగేటర్ ప్లగ్గు పెట్టే లైటర్ సాకెట్‌లో ముందు వోల్టులు కొలిచే మీటరు పెట్టించాడు. ఎర్ర పిన్ను నడుమ, నల్ల పిన్ను పక్క గోడకు. 12.5 వోల్టులు చూపించింది. సాకెట్ మంచిగానే ఉంది కాకా అన్నాను.

"మీటరు ట్యాంకుల నీళ్లున్నయని చెప్తది తమ్మీ. నల్లా ఎంత ధార ఇడుస్తదో చెప్పది" అన్నాడు.

టెస్ట్ ల్యాంప్ తీశాడు. చిన్న బల్బు, ఒక ముల్లు, ఒక వైరు, దాని కొసకు క్లిప్పు, అంతే. క్లిప్పును సాకెట్ గోడకు పట్టించి ముల్లును నడుమ పెడితే బల్బు మినుకుమినుకుమంటూ ఎర్రగా వెలిగింది. అదే క్లిప్పును తీసి సీటు కింది బోల్టుకు పెట్టాడు, ముల్లు అక్కడే ఉంది. బల్బు భగ్గున తెల్లగా వెలిగింది. నడిమి ప్లస్ మంచిగనే ఉంది, పాడైంది ఎర్త్, అంటే కరెంటు తిరిగి పోయే మైనస్ దారి అని అప్పుడు నాకూ కళ్ల ముందు కనబడింది. మీటరు గుంజే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అందుకని తుప్పు పట్టిన జాయింటు దగ్గర కూడా వోల్టులు పూర్తిగా చూపిస్తుంది. బల్బో, నావిగేటరో కరెంటు గుంజినప్పుడే ఆ జాయింటు అసలు రంగు బయటపడుతుంది.

ఫ్యూజు పీకి, సాకెట్ విప్పి చూస్తే వెనక నల్ల వైరు లగ్గు (వైరు కొసన ఉండే రేకు బిళ్ల) వదులై, వేడికి గోధుమ రంగు తిరిగింది. సాకెట్ లోపల మా రోడ్ల దుమ్ము జిడ్డుతో కలిసి పొరలా గడ్డకట్టింది. ఎమరీ పేపర్ చుట్టిన పుల్లతో రుద్ది, లగ్గు మార్చి బిగించాడు. నావిగేటర్ పెట్టగానే లేచింది. బోర్డుకు ఏ రోగమూ లేదు.

ఇన్నేళ్లు మంచిగున్నది ఒక్కసారే ఎట్లా పోయిందని అడిగాను. ఆయన చెప్పిన మాట అప్పటి నుంచి నా మనసులో ఉంది. లూజు కనెక్షన్ చాలా కాలం నుంచే ఉంది. లోపలి చిన్న బ్యాటరీ కొత్తగా ఉన్నన్ని రోజులు, కరెంటు తెగిన ప్రతిసారీ అది ఆదుకుంది, నాకు తెలియనివ్వలేదు. బ్యాటరీ ముసలిదయ్యాక ఒక్క క్షణం తెగినా తట్టుకోలేకపోయింది. కాబట్టి మీ పరికరం పాతబడి, కుదుపులకు ఆగిపోతుంటే బ్యాటరీ ఒక్కటీ మార్చి ఊరుకోకండి. అప్పటిదాకా అది దాచిపెట్టిన లోపం బండిలోనే ఉంటుంది.

రెండోసారి తేడా ప్లగ్గులో వచ్చింది. ముక్కు దగ్గరి గుండ్రటి మూత తిప్పితే ఊడుతుంది, లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. నాదానిలో 2 ఆంపియర్లది. విప్పేటప్పుడు ముక్కును అరచేతిలో మూసి పట్టుకుని విప్పండి. నేను పట్టుకోలేదు, స్ప్రింగు ఎగిరి సీటు పట్టాల్లో పడింది, వెతకడానికి గంట పట్టింది. ఫ్యూజు తీగ తెగినట్టు పైకి కనిపించలేదు గానీ, దాని ఇత్తడి టోపీ గాజు మీద కదులుతోంది. మారిస్తే సరిపోయింది. ప్లగ్గుకు అటూ ఇటూ ఉండే రేకు చెవులు కూడా వాడకానికి చదునైపోతాయి. ప్లగ్గు బయటికి తీసి, స్క్రూడ్రైవర్ కొసతో కొంచెం పైకి లేపితే సాకెట్ గోడను గట్టిగా పట్టుకుంటాయి. ఎర్త్ వాటి గుండానే పోతుంది.

సాకెట్‌లో అసలు కరెంటే లేకపోతే చూడాల్సింది బండి ఫ్యూజు. నా బండిలో స్టీరింగ్ కింద డబ్బాలో ఉంటుంది, 15 ఆంపియర్లది, నీలం రంగు. దాని చోటు మూత లోపలి బొమ్మలో ఉంటుంది. పోయిందంటే ముందు సాకెట్ లోపల టార్చి వేసి చూడండి. మా బండిలో వెనక సీట్లోంచి ముందుకు వచ్చి ఆడిన పిల్లాడు వేసిన చిల్లర బిళ్ల దొరికింది. ఇంకో మాట బతిమాలి చెబుతున్నాను. నీలం దాని చోట పసుపు 20 ఆంపియర్లది పెట్టకండి, వైరు ముక్క చుట్టి అసలే పెట్టకండి. ఫ్యూజు కాలాల్సిన చోట డ్యాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది.

కేబుల్ సంగతి సోమశిల ట్రిప్పులో తెలిసింది. నాది ఇంట్లో మరిచిపోయి, బండిలో ఉన్న కుర్రాడి దగ్గర మామూలు డేటా కేబుల్ తీసుకున్నాను. పెట్టగానే తెర మీద కంప్యూటర్ బొమ్మ వచ్చింది, మ్యాపు రాలేదు. ఈ రకం పరికరాల కారు చార్జర్ ప్లగ్గులో ఒక పిన్ను వేరుగా కలిపి ఉంటుంది. అది లేకపోతే కంప్యూటర్‌కు తగిలించారనుకుంటుంది. కాబట్టి దానితోపాటు వచ్చిన వైరునే కాపాడుకోండి. స్టీరియోలో ఉండే యూఎస్‌బీ రంధ్రం కూడా నాకు పనికిరాలేదు. చాలా వాటిలో అర ఆంపియరే వస్తుంది. తెర నిండు వెలుతురులో ఉంటే చార్జింగ్ ఎక్కకపోగా ఇంకా తగ్గుతుంది.

రోడ్డు పక్కన కొన్న చౌక చార్జర్ ఒకటి రెండు నెలలు వాడాను. అది పెట్టినంత సేపు ఎఫ్‌ఎం గర్రుమనేది, ఉపగ్రహాలు దొరకడానికి కూడా ఆలస్యమయ్యేది. తీస్తే రెండూ బాగయ్యేవి. దాన్ని పక్కన పడేశాను.

బండి స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క క్షణం కరెంటు పోయిందని చూపిస్తే మాత్రం భయపడొద్దు. సెల్ఫ్ తిరిగేటప్పుడు చాలా బండ్లలో లైటర్ సాకెట్‌కు కరెంటు ఆగుతుంది. అది జబ్బు కాదు.

ఎండ మాత్రం నిజమైన శత్రువు. ఐదో ఏడు మే నెలలో, మధ్యాహ్నం బండి ఎండలో నిలబెట్టి వచ్చి చూస్తే నావిగేటర్ వెనక మూత ఒక పక్క లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. లిథియం బ్యాటరీ ఉబ్బితే నొక్కి మూయడం, గుచ్చడం ప్రమాదం. కాకా దగ్గరే తీయించి మార్పించాను. అప్పటి నుంచి బండి ఆపితే దాన్ని తీసి సీటు కింద నీడన పెడతాను. వేడెక్కినప్పుడు చార్జింగ్ ఎక్కనని మొరాయిస్తే అది కూడా కనెక్షన్ లోపం కాదు. ఏసీ గాలి పది నిమిషాలు తగలనిస్తే ఎక్కుతుంది.

ఏడాదిన్నర కింద కాకా చేతనే నావిగేటర్‌కు సొంత లైను వేయించాను. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి 12 వోల్టులు తీసి, మధ్యలో 2 ఆంపియర్ల ఫ్యూజు, 5 వోల్టులకు దించే కన్వర్టర్, దానికి అసలు చార్జర్ వైరు కొస. నేరుగా బ్యాటరీకి కలిపితే బండి ఆగి ఉన్నా కరెంటు కారుతూనే ఉంటుందని ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత నల్లమలలో ఒక్కసారి కూడా తెర ఆరలేదు. గేరు రాడ్డుకు అడ్డం వచ్చే వైరు కూడా పోయింది.

మిగతావి చెప్పాలంటే తెర ఎండలో కూడా కనబడుతుంది, గొంతు బిగ్గరగా ఉంటుంది. అద్దానికి అంటుకునే రబ్బరు రెండుసార్లు మార్చాను. మ్యాపు అప్‌డేట్ చేయకపోతే కొత్త బైపాస్‌ల మీద పొలాల్లో పోతున్నట్టు చూపిస్తుంది. ఇవన్నీ నాకు చిన్నవి. ఇప్పుడు మిగిలిన బాధ ఒక్కటే, పరికరానికి వైరు దూర్చే రంధ్రం కాస్త వదులవుతోంది. వైరు బరువు దాని మీద పడకుండా స్టాండుకు దారంతో కట్టాను. సోల్డరింగ్ ఎండాకాలం సీజను అయ్యాక చేద్దామని కాకా అన్నాడు. అప్పటిదాకా రెండు గాజు ఫ్యూజులు, ఒక నీలం ఫ్యూజు, ఒక టెస్ట్ ల్యాంప్ డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకుని తిరుగుతున్నాను.