2147483647 ప్రధాన సంఖ్యేనా: భాగించి తేల్చడమా, వర్గం చేసి తేల్చడమా?

చెన్నై టీ నగర్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనని కాగితం మీద తేల్చవచ్చా అని అడిగితే, రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూశాము.

మొదటిది వర్గమూలం వరకు, అంటే 46340 దాకా, ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించడం. కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు గానీ భాగహారాలు వేలల్లో ఉంటాయి. అయితే ఈ సంఖ్య 31 రెండ్ల లబ్ధం నుంచి 1 తీసివేస్తే వచ్చేది కాబట్టి, దీనికి కారణాంకం కాగల ప్రధాన సంఖ్యను 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ రావాలి. మిగతావాటిని వదిలేయవచ్చు. 1772లో గణితవేత్త ఆయిలర్ దీన్ని తేల్చింది ఈ జల్లెడతోనే.

రెండోది లూకాస్-లెహ్మర్ పరీక్ష, రెండ్ల లబ్ధం నుంచి 1 తీసివేస్తే వచ్చే ఇలాంటి సంఖ్యలకే పనికొచ్చేది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, మన సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్ని మాత్రమే ఉంచుకుంటూ 29 సార్లు (31 రెండ్ల కంటే రెండు తక్కువ) సాగాలి; చివర సున్న వస్తే అది ప్రధాన సంఖ్యే. అమ్మాయికి 31 అనే చిన్న సంఖ్య మీద (5 రెండ్ల లబ్ధం నుంచి 1 తీసివేస్తే వచ్చేది, కాబట్టి 3 సార్లు) చేసి చూపించాను: 4, 14, తరువాత 194 బదులు 8, ఆపైన 62, అంటే సున్న. మన పెద్ద సంఖ్యకైతే పంతొమ్మిది అంకెల దాకా వచ్చే వర్గాలలో ఒక్క అంకె తప్పినా పనంతా వృథా. పైగా 2047 (11 రెండ్ల లబ్ధం నుంచి 1 తీసివేస్తే వచ్చేది) ప్రధాన సంఖ్య ‘కాదు’ అంటుందే తప్ప 23, 89 అనే కారణాంకాలను చూపదు. కంప్యూటర్‌కైతే రెండోదే మేలు. పెన్సిలు పట్టినవారికి నేను ఆయిలర్ జల్లెడే ఇస్తాను.