గోడోతో నా మొదటి మొబైల్ గేమ్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

2023 అక్టోబర్ చివర్లో గోడో అనే గేమ్ ఇంజిన్ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్ చేసుకున్నా, అప్పటికి 4.1 వెర్షన్ నడుస్తోంది. కొంతమంది గోడాట్ అంటారు, నాకు గోడో అనే అలవాటైంది. నాకొచ్చిన కోడింగ్ అంతా డిగ్రీలో చదివిన సీ లాంగ్వేజే, అది కూడా సగం మర్చిపోయా. ఉద్యోగం అకౌంట్స్‌లో, రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లలు పడుకున్నాక ఒక గంట దొరుకుతుంది, ఇప్పుడు చెప్పేదంతా ఆ గంటల్లో చేసిందే. రెండేళ్లు దాటింది, ఒక గేమ్ ప్లే స్టోర్‌లో ఉంది, ఇంకోటి సగంలో ఉంది. మొదటి గేమ్ చేద్దామనుకునేవాళ్లు ఏది వాడాలి అని అడుగుతుంటారు కదా, నేను వాడింది ఇదొక్కటే కాబట్టి దీని గురించే చెప్తా.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజిన్ వాళ్లు ఇన్‌స్టాల్స్ లెక్కన రన్‌టైమ్ ఫీజు అని ప్రకటించారు, డెవలపర్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు (తర్వాతి సెప్టెంబర్‌లో రద్దు చేసేశారనుకోండి). గోడో పేరు నేను మొదట విన్నది ఆ గొడవలోనే. కానీ నేను దీన్ని పట్టుకోడానికి అసలు కారణం నా ల్యాప్‌టాప్. నాలుగు జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. గోడో జిప్ ఫైల్ వంద ఎంబీ కూడా లేదు, ఇన్‌స్టాల్ చేసే పని లేదు, విప్పి డబుల్ క్లిక్ కొడితే తెరుచుకుంది. అర్జెంటీనాలో ఇద్దరు ప్రోగ్రామర్లు మొదలుపెట్టి 2014లో ఓపెన్ సోర్స్ చేసేశారు, ఎంఐటీ లైసెన్స్, అంటే మనం గేమ్ అమ్ముకున్నా వాళ్లకి రూపాయి ఇవ్వక్కర్లేదు. ప్రాజెక్ట్ పెట్టేటప్పుడు రెండరర్ (స్క్రీన్ మీద బొమ్మలు గీసే పద్ధతి) ఏది కావాలో అడుగుతుంది, పాత ల్యాప్‌టాప్, పాత ఫోన్లు ఉంటే కంపాటిబిలిటీ అనేది ఎంచుకోండి, 2డీ గేమ్‌కి అది చాలు.

మొదట నేను ఊరి క్రికెట్ గేమ్ 3డీలో చేద్దామని కూర్చున్నా. మూడు వారాలు బ్యాట్ ఊపడం దగ్గరే ఆగిపోయి, ఆ ఫోల్డర్ పక్కన పెట్టేసి, పులి మేక ఆట తీసుకున్నా. మా తాత గుడి అరుగు మీద రాతిలో చెక్కిన గీతల మీద నేర్పించిన ఆట అది. మూడు పులులు, పదిహేను మేకలు, మొత్తం 23 చోట్లు. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ పోవాలి, మేకకి సరిగ్గా అవతలి చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది, మూడు పులుల్నీ కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు. మొదటి గేమ్‌గా ఇలాంటిది నాకు బాగా కలిసొచ్చింది, ఎందుకంటే రూల్స్ నాకు ముందే తెలుసు, పరిగెత్తే బొమ్మలు అక్కర్లేదు, గురుత్వాకర్షణ అక్కర్లేదు, 23 చోట్లకి నంబర్లు వేసి ఏ చోటు నుంచి ఏ చోటుకి గీత ఉందో ఒక పట్టిక రాసుకుంటే ఆట సగం అయిపోయినట్టే.

గోడోలో అన్నీ నోడ్‌లు, అంటే బొమ్మ, సౌండ్, బటన్ లాంటి చిన్న చిన్న భాగాలు, కొన్ని నోడ్‌లు కలిపితే సీన్. మేక ఒక సీన్, పులి ఒక సీన్, బోర్డు ఒక సీన్. మేక సీన్ ఒక్కసారి చేసి పదిహేను సార్లు బోర్డు మీద పెట్టుకోవచ్చు, తర్వాత మేక బొమ్మ మార్చాలనిపిస్తే ఒక్కచోట మారిస్తే అన్నీ మారతాయి. ఇది అర్థమైన రోజు నాకు చాలా హాయిగా అనిపించింది. సిగ్నల్స్ అర్థం కావడానికి మాత్రం టైమ్ పట్టింది. పులి మేకని తినగానే బోర్డు ఒక కేక వేస్తుంది అనుకోండి, ఆ కేక వినాలనుకున్నవాళ్లు వింటారు, స్కోరు వింటే అంకె మారుతుంది, సౌండ్ నోడ్ వింటే గర్జన వస్తుంది, ఎవరు వింటున్నారో బోర్డుకి తెలియాల్సిన పని లేదు. నేను ఇది తెలియక అన్నిటినీ ఒకదానితో ఒకటి ముడేసి రాశా, ఒక లైన్ మారిస్తే నాలుగు చోట్ల ఎర్రర్లు, మూడో నెలలో మొత్తం తీసేసి సిగ్నల్స్‌తో మళ్లీ రాశా.

లాంగ్వేజ్ పేరు జీడీస్క్రిప్ట్, చూడ్డానికి పైథాన్‌లా ఉంటుంది, బ్రాకెట్ల బదులు లైన్ ముందు ఖాళీలే లెక్క. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో మొదటి 2డీ గేమ్ అని ఒక పాఠం ఉంది, అది రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, దాన్ని చూసి టైప్ చేయండి, కాపీ పేస్ట్ చేయొద్దు. వీడియోల దగ్గర మాత్రం జాగ్రత్త. మూడో వెర్షన్‌కీ నాలుగో వెర్షన్‌కీ పేర్లు చాలా మారిపోయాయి, కైనమాటిక్ బాడీ కాస్తా క్యారెక్టర్ బాడీ అయింది, యీల్డ్ పోయి అవెయిట్ వచ్చింది. నేను డబ్బులు కట్టిన ఒక కోర్సు మొత్తం పాత వెర్షన్‌దే, పేరు చెప్పను గానీ రెండు వారాలు నేనేదో తప్పు చేస్తున్నా అనుకుని కుమిలిపోయా. వీడియో మొదలుపెట్టేముందు వెర్షన్ నంబర్ చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. కంప్యూటర్‌లో ఆడటం వేరు, ఫోన్‌లో ఆడటం వేరు. నేను ఐదు నెలలు కంప్యూటర్‌లోనే మౌస్‌తో ఆడుకుని ఆ తర్వాత ఫోన్‌కి ఎక్కించా, అది మొదటి వారమే చేయాల్సింది. దానికి ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే టూల్స్), జావా 17, డీబగ్ కీస్టోర్ (టెస్ట్ యాప్‌కి సంతకం పెట్టే ఫైల్), ఇవన్నీ సిద్ధం చేసుకుని ఎస్‌డీకే, జావా, కీస్టోర్ దారులు ఎడిటర్ సెట్టింగ్స్‌లో పెట్టాలి, నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక్కసారి కుదిరాక మాత్రం సుఖమే, ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెడితే ఎడిటర్ పైన చిన్న ఫోన్ బొమ్మ వస్తుంది, అది నొక్కితే గేమ్ ఫోన్‌లో తెరుచుకుంటుంది.

తెరుచుకుంది గానీ పులులు లేవు! ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దది, కోడ్‌లో చిన్నది రాశా. విండోస్ పట్టించుకోదు, ఆండ్రాయిడ్‌లో అది వేరే ఫైల్ కింద లెక్క. అప్పట్నుంచి అన్ని పేర్లూ చిన్న అక్షరాల్లోనే పెడుతున్నా. తర్వాత స్కోరు సేవ్ అవ్వలేదు, ఎందుకంటే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే రాయించా, ఎడిటర్‌లో అది పనిచేస్తుంది, ఫోన్‌లో ఆ ఫోల్డర్ చదవడానికే తప్ప రాయడానికి ఉండదు, user:// అని మొదలయ్యే దారిలో రాయాలి. తర్వాత ఫోన్ వేడెక్కింది. కదలకుండా కూర్చున్న బోర్డుని సెకనుకి అరవైసార్లు గీస్తోంది మరి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో లో ప్రాసెసర్ మోడ్ అని ఉంది, అది ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఏదైనా మారినప్పుడే గీస్తుంది, బోర్డ్ గేమ్‌కి అది పెట్టి తీరాలి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది వేలు. మౌస్ మొన సన్నం, మా అమ్మ బొటనవేలు రెండు చోట్లని ఒకేసారి కప్పేస్తుంది. చివరికి ఏ చోటు మీద నొక్కారు అని చూడటం మానేసి, నొక్కిన చోటికి దగ్గర్లో ఉన్న చోటు ఏది అని లెక్కేసి దాన్నే తీసుకునేలా రాశా. పది లైన్ల కోడ్ అంతే, కానీ ఆ తర్వాతే అమ్మ మొదటిసారి నన్ను అడక్కుండా ఒక ఆట పూర్తి చేసింది.

తెలుగు గురించి విడిగా చెప్పాలి, ఇది మనవాళ్లకి చాలా ముఖ్యం. పాత మూడో వెర్షన్‌లో తెలుగు రాస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడేవి, అక్షరాల్ని కలిపే పని దానికి రాదు. నాలుగో వెర్షన్ నుంచి ఆ పని చేసే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ పెట్టారు, స్త్రీ అన్నా లక్ష్మి అన్నా చక్కగా కలిసి వస్తుంది. ఫాంట్ మాత్రం మనమే పెట్టుకోవాలి, ఎందుకంటే దాంతోపాటు వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు. మన కంప్యూటర్‌లో విండోస్ ఫాంట్ తీసుకుని చూపించేస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం, వేరే ఫోన్‌లో ఎలా కనబడుతుందో గ్యారంటీ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు అన్నీ ఫ్రీనే, నేను బటన్లకి రామభద్ర, రూల్స్ పేజీకి మండలి పెట్టా. ఇంకోటి, అక్షరాలు ఒక్కొక్కటిగా టైప్ అవుతున్నట్టు చూపించాలంటే మామూలుగా స, స్, స్త అని కళ్ల ముందే రూపం మారుతూ వణుకుతుంది, లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ని షేపింగ్ (అక్షరాల్ని కలపడం) తర్వాత అనే దానికి మారిస్తే ఆ వణుకు పోతుంది. ఇది తెలుగులో ఎక్కడా దొరకలేదు నాకు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

లేనివి కూడా చెప్తా. యాడ్స్, యాప్‌లో కొనుగోళ్లు ఇంజిన్‌తోపాటు రావు, ప్లగిన్లు (విడిగా తగిలించుకునే భాగాలు) పెట్టుకోవాలి, ఇంజిన్ వెర్షన్ మార్చేముందు ఆ ప్లగిన్ కొత్తదానికి వచ్చిందో లేదో చూసుకోవాలి. యూనిటీకి ఉన్నన్ని ఉద్యోగాలు దీనికి లేవు, కెరీర్ కోసమే నేర్చుకునేవాళ్లు అది ఆలోచించుకోవాలి. నా అవసరానికైతే పదికి ఎనిమిదిన్నర ఇస్తా.

ప్లే స్టోర్ అకౌంట్‌కి 25 డాలర్లు ఒక్కసారే కట్టాలి. 2023 నవంబర్ తర్వాత కొత్తగా తెరిచిన పర్సనల్ అకౌంట్లకి, గేమ్ అందరికీ వదిలేముందు కొంతమంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మనం పిలిచినవాళ్లు మాత్రమే ఆడే దశలో) ఉండాలి. నేను పెట్టినప్పుడు 20 మంది, 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. మా ఆఫీసులో ఏడుగురు, మిగతా అంతా చుట్టాలే. వాళ్లలో మా మేనమామ ఒకాయన, డెబ్బై ఏళ్లు, రోజూ పొద్దున్నే ఆడి ఫోన్ చేసేవాడు. నాలుగో రోజు, "ఒరేయ్ అల్లుడూ, ఇది మీ ఊరి ఆట, మా ఊళ్లో పదిహేను మేకలూ పెట్టేదాకా ఆగం, మధ్యలోనే కదిపేస్తాం, అట్లా ఆడుకునే వీలు పెట్టరా" అన్నాడు. మేకలన్నీ పెట్టాకే కదపాలి అన్నది తాత నేర్పిన రూల్, నేను దాన్నే ఆట అనుకున్నా. ఆ రాత్రే సెట్టింగ్స్‌లో ఒక చెక్‌బాక్స్ పెట్టా, పక్కన మామయ్య ఊరి పేరు రాశా. ఇప్పుడు అలాంటివి మూడు ఊళ్లవి ఉన్నాయి, మీ ఊళ్లో ఇంకోలా ఆడితే చెప్పండి, అదీ కలుపుతా.