పన్నెండేళ్ల డెస్క్‌టాప్‌కి ఏం చేస్తే పనిచేసింది, ఏది దండగ

మా ఇంట్లోది 2013లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఐ3-3220 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు (అన్ని భాగాలూ తగిలించే ప్రధాన బోర్డు), 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మా బాపు సింగరేణిలో రిటైరైన ఏడాది వచ్చిన డబ్బుల్లోంచి కొన్నాడు, అందుకే దాన్ని పారేద్దామనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. ఇప్పటికీ రోజూ వాడుతున్నాం.

మాది గోదావరిఖని. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా మీద సాయంత్రానికి నల్ల చుక్కలు కనిపించే ఊరు. అలాంటి చోట నాలుగేళ్లు క్యాబినెట్ విప్పనేలేదు. 2017 ఎండాకాలంలో మామూలు వీడియో చూస్తున్నా టక్కున ఆగిపోవడం మొదలైంది. షాపుకి తీసుకెళ్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలన్నారు. అంత డబ్బు పెట్టే పరిస్థితి లేక ఇంటికి తెచ్చి నేనే విప్పాను.

పైపైన కనిపించే దుమ్ముతో పెద్ద ఇబ్బంది లేదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్ ఊడదీశాకే అసలు సంగతి తెలిసింది. ఫ్యాన్‌కీ, దాని కింద ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకులకీ మధ్య నల్లటి పొర కంబళి ముక్కలా పట్టేసి ఉంది, ఒక అంచు పట్టుకుని లాగితే మొత్తం ఒకే పొరగా లేచొచ్చింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కానీ రేకుల్లోకి గాలే పోవట్లేదు, ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోంది. కింద ప్రాసెసర్ వేడిని రేకులకి అందించే థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పెచ్చులు కట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, కొత్త పేస్ట్ కందిగింజంత పెట్టి బిగించాను. అయినా వేడి 90 డిగ్రీలు దాటుతూనే ఉంది! మళ్లీ విప్పి చూస్తే కూలర్ (ఫ్యాన్, హీట్‌సింక్ కలిసిన భాగం) నాలుగు కాళ్లలో ఒకటి సరిగ్గా దిగలేదు. ఎదురెదురు మూలలు నొక్కుతూ నాలుగూ టక్‌మనేదాకా దించాలి, బోర్డు వెనక వైపు చూస్తే దిగిందో లేదో తెలుస్తుంది. అది సరిచేశాక మే నెలలో కూడా 65 దాటలేదు. షాపులో పోయిందన్న ఆ బోర్డే ఇప్పటికీ నడుస్తోంది.

దుమ్ము పోయేలా బ్లోయర్‌తో గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, బయటి నుంచి గాలి కొట్టడమే. బాపు దుమ్ము పడకూడదని కంప్యూటర్ నడుస్తుండగానే తువ్వాలు కప్పేవాడు, అలా కప్పితే వేడి బయటికి పోదని చెప్పాక ఇప్పుడు ఆపేశాకే కప్పుతున్నాడు.

నేను పెట్టిన ఖర్చుల్లో నూటికి నూరుపాళ్లూ ఫలితం ఇచ్చింది 2019లో వేసిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్. అంతకుముందు విండోస్ 10 తెరుచుకునేసరికి టీ పెట్టుకుని తాగేయొచ్చు, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమే. అది వేశాక అర నిమిషంలో లేచేది. హెచ్61లో ఉన్నవి డిస్క్ తగిలించే పాత సాటా 2 పోర్టులే కాబట్టి డబ్బా మీద రాసిన వేగంలో సగమే వస్తుంది, అయినా వాడకంలో ఆ లోటు ఏమీ తెలియలేదు. తర్వాత ర్యామ్ 8 జీబీ చేశాను, బ్రౌజర్‌లో ట్యాబులు ఎక్కువ తెరిస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్కదానికే డబ్బులుంటే ఎస్‌ఎస్‌డీయే వేయండి. హార్డ్ డిస్క్‌కి చేసినట్టు దాన్ని డీఫ్రాగ్ చేయాల్సిన (చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కల్ని ఒకచోటికి సర్దాల్సిన) పని లేదు.

ఒక్క క్లిక్‌తో స్పీడ్ పెంచుతామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు రెండు మూడు వేసి చూశాను. దండగ. అవే స్టార్టప్‌లో చేరి ఇంకా బరువవుతాయి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేనివి డిజేబుల్ చేయడం, డిస్క్ క్లీనప్‌తో పాత అప్‌డేట్ ఫైళ్లు తీసేయడం, నాకు ఈ రెండే సరిపోయాయి.

2021లో ఇంకో తలనొప్పి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని వచ్చేది. నెట్ సమస్యేమోనని కేబుల్ అతన్ని రెండుసార్లు పిలిపించాను, పాపం. చూస్తే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది, తేదీ తప్పుంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే సీఆర్2032 అనే బటన్ బ్యాటరీ బోర్డు మీద ఉంటుంది, అది మార్చాను, అంతే, మళ్లీ రాలేదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఈ ప్రాసెసర్‌కి అధికారికంగా రాదు. అందుకని ఫోటోలన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంది, బాపు పేపర్ చదవడం, నా టైపింగ్ అన్నీ అందులోనే సాగిపోతున్నాయి. ఈమధ్య పొద్దున్నే ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ గరగరమంటోంది, ఎండలు ముదిరేలోపు అది మార్చేయాలి.