కెనాన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్: రెండేళ్లు మా పెరట్లో వాడాక

ముందే చెప్పేస్తున్నా, అడవులకి వెళ్లి పులుల్ని తీసేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ కాదిది. మాది రాజమండ్రిలో పాత ఇల్లు. వెనకాల రెండు సెంట్ల పెరడు, ఒక నుయ్యి, గోడవారగా కుండీలు. అక్కడికి వచ్చే సీతాకోకచిలుకల్నీ పిట్టల్నీ ఫోటో తీయాలని కోరిక, ఏ లెన్స్ కొనాలో తెలియక ఆర్నెల్లు తిరిగాను. సీతాకోకచిలుకలకి మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసేది) ఉండాల్సిందే అని కొందరు, 150-600 లాంటి పెద్ద జూమ్ లెన్స్ లేకుండా పిట్టల జోలికి వెళ్లొద్దని కొందరు. రెండూ కలిపితే లక్ష దాటిపోతుంది. చివరికి తొమ్మిది వేలకి సెకండ్ హ్యాండ్‌లో ఈ కెనాన్ 55-250 తీసుకుని నా కెనాన్ 200డీ కెమెరాకి పెట్టాను. ఇంటి తోటకి ఈ ధరలో ఇంతకంటే పనికొచ్చే లెన్స్ నాకు కనిపించలేదు.

కొనేటప్పుడు పేరు పూర్తిగా చూసుకోండి: ఈఎఫ్-ఎస్ 55-250 ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం, 2013లో వచ్చింది. ఇందులో 55-250 అంటే జూమ్ ఎంత నుంచి ఎంత వరకో మిల్లీమీటర్లలో, ఐఎస్ అంటే చేతి వణుకుని ఆపే ఏర్పాటు, ఎస్‌టీఎం అంటే ఫోకస్ తిప్పే మోటారు రకం. ఇవే అంకెలతో ఐఎస్, ఐఎస్ 2 అని పాత లెన్సులు రెండున్నాయి, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఎక్కువగా తిరిగేవి అవే. వాటికి కనీస ఫోకస్ దూరం, అంటే ఎంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయగలవో ఆ దూరం, 1.1 మీటర్లు. ఎస్‌టీఎంకి 85 సెంటీమీటర్లు. ఇంట్లో కూర్చుని చదివితే పావు మీటరు తేడా ఏముందిలే అనిపిస్తుంది గానీ, కుండీల మధ్య ఒక కాలు పెట్టి నిలబడినప్పుడు తెలుస్తుంది. పైగా ఆ 85 లెక్క కెమెరా సెన్సర్ నుంచి, లెన్స్ మూతి నుంచి చూస్తే ఇంకా దగ్గరే.

ఆ దూరంలో జూమ్‌ని 250 దగ్గర పెడితే ఫ్రేమ్ వెడల్పులో సుమారు ఏడున్నర సెంటీమీటర్లు పడుతుంది. రెక్కలు పూర్తిగా విప్పిన కామన్ మార్మాన్ లాంటి పెద్ద సీతాకోకచిలుక అయితే ఫ్రేమ్‌లో పట్టక మనమే వెనక్కి జరగాలి. రణపాల ఆకుల చుట్టూ తిరిగే రెడ్ పియరో చిన్నది, మూడు సెంటీమీటర్లు, అది ఫ్రేమ్‌లో సగం కూడా నిండదు, అయినా క్రాప్ చేస్తే మీసాల మీద నలుపు తెలుపు పట్టీలు లెక్కపెట్టుకోవచ్చు. గడ్డిలో ఎగిరే బొటనవేలి గోరంత నీలం సీతాకోకచిలుకలకి మాత్రం ఈ లెన్స్ చాలదు, వాటికి మాక్రో కావాలి, లేదంటే ఇంకా దగ్గర ఫోకస్ అయ్యేలా లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ తగిలించుకోవాలి. కానీ మాక్రోతో ఇంకా దగ్గరికి వెళ్లాలి, మన నీడ పడితే చాలు అది లేచిపోతుంది. దీంతో కాస్త దూరంగా, మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి పది పన్నెండు ఫోటోలు తీసుకోవచ్చు.

ఒకరోజు తీసిన ఫోటో చెప్పాలి. నూరువరహాల మీద నల్ల రెక్కలు, తెల్ల మచ్చ, వెనక అంచున ఎర్ర మచ్చలు ఉన్న సీతాకోకచిలుక వాలింది. కామన్ రోజ్ అనుకుని సంబరపడ్డాను. రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఒళ్లు నల్లగా ఉంది. రోజ్‌కి ఒళ్లు ఎర్రగా ఉంటుంది. ఇది ఆడ మార్మాన్! రోజ్ విషపు మొక్క తిని పెరుగుతుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు, ఆ ధైర్యంతో ఆడ మార్మాన్లలో కొన్ని దాని వేషం వేసుకుని తిరుగుతాయి. పుస్తకాల్లో చదివిన సంగతి మా నూరువరహాల మీద, నా ఫోటోలో కనిపించేసరికి నిద్ర పట్టలేదు.

సెట్టింగులు నావి ఇవి. అపర్చర్ ఎఫ్/8, షట్టర్ వేగం వెయ్యో వంతు సెకను, ఐఎస్ఓ 800 నుంచి 1600 వరకు. అంత దగ్గర్లో ఎఫ్/8 పెట్టినా ఫోకస్ లోతు అర సెంటీమీటరు ఉండదు, అందుకే రెక్కకి సమాంతరంగా కెమెరా పట్టుకోవాలి, ఏ కాస్త వంగినా ఒక రెక్క మసకబారుతుంది. ఐఎస్ మన చేతి వణుకుని ఆపుతుంది తప్ప గాలికి ఊగే కొమ్మని ఆపలేదు. పొద్దున్న ఏడున్నర, ఎనిమిది మధ్య రండి. రెక్కలు ఇంకా వేడెక్కక ఎండకి విప్పుకుని కదలకుండా కూర్చుంటాయి. పదింటికి వాటి వెనక పరుగెత్తలేరు.

పిట్టల విషయంలో నిజం చెప్పాలంటే 250 చిన్నదే. పది మీటర్ల దూరంలో ఉన్న తేనెపిట్ట ఫ్రేమ్‌లో తొమ్మిదో వంతు ఉంటుంది, అంతే. అదే మూడు మీటర్లకి వస్తే మూడో వంతు దాటి నిండుతుంది. కాబట్టి పిట్టని దగ్గరికి రప్పించే పని మొక్కలతో, నీళ్లతో చేయాలి. నేను చేసింది చాలా మామూలు పని. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టి, పక్కనే వాలడానికి ఎండు కొమ్మ ఒకటి గుచ్చాను. రోజూ నీళ్లు మారుస్తాను, లేదంటే దోమలు. మొదటి వారం కాకి తప్ప ఎవరూ రాలేదు. తర్వాత పిగిలిపిట్టలు, గోరింకలు, ఎండాకాలం మధ్యాహ్నాలైతే ఎవరు ఎవర్ని తోసేస్తున్నారో తెలియనంత రద్దీ. కెమెరాని స్టాండ్ మీద మూకుడుకి రెండు మీటర్ల దూరంలో పెట్టి, వైఫైతో ఫోన్‌కి కలిపి, నేను వంటింట్లో కూర్చుని ఫోన్ మీద నొక్కుతాను. పిగిలిపిట్ట స్నానం చేసి, తోక కింద ఎర్ర ఈకలు విదుల్చుకుంటూ నీటి చుక్కలు గాల్లో నిలబడిపోయిన ఫోటో అలా వచ్చిందే. ఎస్‌టీఎం మోటారు చప్పుడు దాదాపు లేదు, పిట్ట తల కూడా ఎత్తలేదు.

బట్టల తీగకి తేనెపిట్ట గూడు కట్టినప్పుడు మాత్రం కెమెరా ముట్టుకోలేదు. సాలెగూళ్లు, ఎండు బెరడు ముక్కలు కలిపి అల్లిన సంచి, పక్కన చిన్న ద్వారం, దాని పైన చూరు. గుడ్లు పెట్టే రోజుల్లో పదేపదే దగ్గరికి వెళ్తే గూడు వదిలేసి పోయే ప్రమాదం ఉంది. పిల్లలు ఎగిరిపోయే దాకా బట్టలు డాబా మీదే ఆరేశాం. ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవడం, గూడు మీద ఫ్లాష్ కొట్టడం కూడా దయచేసి వద్దు.

ఇక లెన్స్‌తో పాటు మొక్కలకి కూడా కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. పువ్వుల మీదకి వచ్చేది తేనె తాగి పోతుంది, గుడ్లు పెట్టే మొక్క ఉంటేనే మళ్లీ మళ్లీ వస్తుంది. కరివేపాకుకి కామన్ మార్మాన్, నిమ్మకి నిమ్మ సీతాకోకచిలుక, రణపాలకి రెడ్ పియరో, గోడ పక్కన తనంతట తాను మొలిచిన జిల్లేడుకి ప్లెయిన్ టైగర్. ఈ నాలుగూ మా ఇంట్లోనే చూశాను. పూలకి నూరువరహాలు, జినియా, పెంటాస్ చాలు.

మొక్కల దగ్గరే నాకు పెద్ద దెబ్బ తగిలింది. నర్సరీ పేరు రాయను. ఆకులు నిగనిగలాడుతున్న నిమ్మ మొక్క ఒకటి తెచ్చాను, మందు కొట్టారా అని అడిగితే లేదమ్మా అన్నాడు. పది రోజులకి లేత ఆకుల మీద ముత్యాల్లాంటి గుడ్లు. పిల్ల పురుగులు వచ్చాయి, పిట్ట రెట్టలాగా నల్లగా తెల్లమచ్చతో. మూడో రోజు పొద్దున్న చూస్తే అన్నీ ఆకుల మీదే ఎండిపోయి ఉన్నాయి. కుండీ మట్టి తవ్వితే మందు గుళికలు దొరికాయి. ఆ రోజంతా మనసు పాడైపోయింది. అప్పటి నుంచి నర్సరీ మొక్క తెస్తే మట్టి మార్చి, కొత్త చిగుళ్లు రెండు విడతలు వచ్చే వరకు దోమతెర కప్పి ఉంచుతున్నాను. లేదంటే తెలిసినవాళ్ల ఇంటి నుంచి కొమ్మో విత్తనమో అడిగి తెచ్చుకుంటున్నాను. ఇప్పుడున్న కరివేపాకు పక్కింటి పిన్నిగారు ఇచ్చిన పిలకే. మా అత్తయ్యగారు మొదట్లో పురుగుల్ని చూసి "అమ్మాయ్, పప్పులోకి రెండు రెబ్బలైనా మిగల్చమను వాటిని" అన్నారు. ఇప్పుడు ఆవిడే పొద్దున్నే చూసొచ్చి ఏ కొమ్మ మీద ఎన్ని ఉన్నాయో చెబుతున్నారు. ఆకుపచ్చ పురుగుని వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తోసి ఘాటు వాసన వదులుతుంది. ఆ క్షణం 85 సెంటీమీటర్ల దూరం నుంచి తీశాను, ఈ లెన్స్‌తో నాకు బాగా ఇష్టమైన ఫోటో అదే.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లకి రెండు మూడు మాటలు. టార్చి వేసి లెన్స్ లోపల ఫంగస్ ఉందేమో చూడండి, మన గోదావరి తడి గాలికి అది త్వరగా పడుతుంది. నేను లెన్స్‌ని సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెడతాను. మౌంట్, అంటే కెమెరాకి బిగించే వెనక భాగం, ప్లాస్టిక్‌ది, అంచులు విరగలేదని చూసుకోండి. బరువు 375 గ్రాములే కాబట్టి వాడకంలో దానికి నాకు ఇబ్బంది రాలేదు. ఎండ నేరుగా పడకుండా లెన్స్ ముందు పెట్టే హుడ్ పెట్టెలో రాదు, ఈటీ-63 అని విడిగా కొనుక్కోవాలి. కెమెరా ఆఫ్‌లో ఉండగా ఫోకస్ రింగ్ తిప్పితే ఏమీ జరగదు, పాడైందని టెన్షన్ పడకండి, ఇది కరెంటుతోనే తిరుగుతుంది. బాడీకి పెట్టి, ఆన్ చేసి, 250 దగ్గర ఒక మీటరు దూరంలో ఉన్న ఆకు మీద ఫోకస్ చేసి, ఫోటోని పెద్దది చేసి ఈనెలు చూసుకున్నాకే డబ్బులివ్వండి.