బాపుతో దోహా స్టేడియాలకు

జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి ఖతర్ రాజధాని దోహాకి విమానం ఎక్కేవాళ్లు చాలావరకు పనికోసమే వెళ్తారు. నేనూ బాపూ (మా నాన్న) మాత్రం 2024 జనవరిలో ఆసియా కప్ ఫుట్‌బాల్ చూడటానికి వెళ్లాం. బాపుకి మోకాళ్ల నొప్పులు. కాబట్టి ఇక్కడ రాసేదంతా పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతులే.

మా బావ అక్కడ షట్టరింగ్ కార్పెంటర్, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే పని. ఉండేది కంపెనీ క్యాంపులో, బయటివాళ్లను ఉండనివ్వరు. అందుకని అల్ మన్సూరాలో ఓ చిన్న హోటల్ తీసుకున్నాం. గది ఇరుకు, లిఫ్ట్ ఒక్కటే, టిఫిన్ అంతంతమాత్రం. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతా. అక్కడ మెట్రో గ్రీన్ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా అల్ రిఫా స్టేషన్‌లో దిగొచ్చు. అహ్మద్ బిన్ అలీ స్టేడియం దాని పక్కనే. అప్పట్లో మామూలు రోజుల్లో మెట్రోకి 2 రియాళ్లు, ఆ టోర్నీ మ్యాచ్ టికెట్ ఉంటే ఆ రోజు ఉచితం. సముద్రం పక్కన పెద్ద హోటళ్లకు డబ్బు పోయాల్సిన పనేమీ లేదు.

జనవరి 13న ఆ స్టేడియంలోనే భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్. ఈ టోర్నీలో టికెట్లు 25 రియాళ్ల నుంచి ఉన్నాయి, అంటే మన డబ్బుల్లో 600 లోపే. ఆ ఆదాయం పాలస్తీనా సహాయానికి ఇస్తామని నిర్వాహకులు ముందే ప్రకటించారు. బావకి సెలవు శుక్రవారం, మ్యాచేమో శనివారం. ఫోర్‌మన్‌ని బతిమాలుకుని వచ్చాడు.

గేటు దగ్గర బాపు నడక చూసి వలంటీర్ పిల్లాడు అడక్కుండానే వీల్‌చైర్ తెచ్చాడు. గేటు నుంచి సీటు దాకా ర్యాంపు, లిఫ్టు, మళ్లీ ర్యాంపు. ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. టాయిలెట్లు ప్రతి బ్లాక్ వెనకా ఉన్నాయి, హాఫ్ టైమ్‌లో కూడా శుభ్రంగానే ఉన్నాయి. నమాజుకి వేరే గది ఉంది. తినేవే బాగాలేవు, పైగా రేట్లు మండిపోతున్నాయి. కడుపునిండా తినే వెళ్లండి.

బావ సీట్లో కూర్చున్నాక చాలాసేపు మాట్లాడలేదు. "ఏమైంది బావా?" అంటే, "ఇన్నేండ్లల్ల స్టేడియం లోపలికి ఎప్పుడచ్చినా హెల్మెట్ పెట్టుకొనే అచ్చిన. టికెట్ పట్టుకొని అచ్చుడు ఇదే మొదలు" అన్నాడు. ఆ దేశంలో లేచిన కాంక్రీటులో మన జిల్లాల చెమట ఎంత ఉందో మనందరికీ తెలుసు. ఆ సీటు మా బావది. ఆ మాట నేను గట్టిగా అంటాను.

పాత స్టేడియాన్ని కూల్చి, ఆ సామగ్రిలో ఎక్కువ భాగం మళ్లీ వాడి దీన్ని కట్టారు. 2020 డిసెంబర్ 18న, ఖతర్ జాతీయ దినోత్సవం రోజున ప్రారంభోత్సవం జరిగింది. దాదాపు 45 వేల మంది పడతారు. మన గచ్చిబౌలిలో, హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ప్రేక్షకులకూ ఆటకూ మధ్య అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది. ఇక్కడ అది లేదు. బంతి తన్నిన చప్పుడు చెవికి వినబడుతుంది. ఆ రోజు రిఫరీ జపాన్‌కు చెందిన యోషిమి యమాషిటా, పురుషుల ఆసియా కప్ మ్యాచ్ నడిపిన మొదటి మహిళ. హాఫ్ టైమ్ దాకా మనవాళ్లు గోల్ ఇవ్వలేదు. తర్వాత రెండు ఇచ్చారు. మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ చేతుల్లో 1962 ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టు గురించి బాపు దారిపొడుగునా బావకి చెబుతూనే ఉన్నాడు.

జనవరి 23న సిరియా మ్యాచ్ అల్ ఖోర్‌లోని అల్ బైత్‌లో. 2022 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్ జరిగింది ఇక్కడే. అరబ్బుల గుడారం ఆకారంలో, మూసి తెరిచే పైకప్పుతో చూడటానికి అద్భుతం. కానీ అక్కడిదాకా మెట్రో లేదు. రెడ్ లైన్‌లో లుసైల్ దాకా వెళ్లి బస్సు పట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సుల క్యూలో బాపుని నిలబెట్టాల్సి వచ్చింది. అప్పటికే 0-1తో ఓడి ఉన్నాం, ఆయన మోకాళ్లు వాచాయి. కుర్రాళ్లయితే అల్ బైత్ తప్పక చూడండి. అమ్మానాన్నలతో వెళ్తే మాత్రం అహ్మద్ బిన్ అలీలో ఉన్న మ్యాచ్‌కే టికెట్ తీయండి, విజిల్ పడ్డాక జనం పలచబడేదాకా ఆగి సీట్లోంచి లేవండి.