ఏడాదికి పైగా వాడిన ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్: నా అనుభవం

ప్రసూతి సెలవు ముగిసి ఉద్యోగంలో తిరిగి చేరినప్పటి నుంచి పాప పాలు మానేదాకా, అంటే ఏడాదికి పైగా, రెండు వైపులా ఒకేసారి పాలు తీసే రీఛార్జబుల్ ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్‌ను పనిరోజుల్లో క్రమం తప్పకుండా వాడాను. పంప్ కొనేవారు ముందుగా మోటారు శక్తి ఎంత, ఎన్ని స్థాయిలున్నాయి అని చూస్తారు. ఇంతకాలం వాడాక నేను ముందుగా చూడమనేది రొమ్ముకు ఆనించే గరాటు కొలతను, దాని కింద ఉండే చిన్న సిలికాన్ వాల్వ్‌ను.

నా పంప్‌తో పాటు 24 మి.మీ. గరాటు వచ్చింది. చాలా పంపులతో ఇదే కొలత ఇస్తారు గానీ అది అందరికీ సరిపోదు. చనుమొనను మొదలు దగ్గర అడ్డంగా కొలిచి, అంతకన్నా కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే వెడల్పున్న గరాటును ఎంచుకోవాలి. పంప్ నడుస్తుండగా గమనిస్తే చనుమొన ఒక్కటే గొట్టంలో సులువుగా ముందుకూ వెనక్కూ కదలాలి. చుట్టూ ఉన్న నల్లని భాగం బాగా లోపలికి పోతుంటే గరాటు పెద్దదని, మొన గొట్టం గోడలకు ఒరుసుకుని తీశాక తెల్లబడుతుంటే చిన్నదని అర్థం చేసుకోవచ్చు. నాకు 24తో నల్లని వలయం సగం దాకా లోపలికి పోయి, తీసిన చాలాసేపటి వరకు వాచి నొప్పి పెట్టేది. గరాటు లోపల అమర్చి దాని వెడల్పు తగ్గించే 19 మి.మీ. ఇన్సర్ట్ వేసుకున్నాక అదే మోటారు మీద, మునుపటికన్నా తక్కువ స్థాయిలోనే, నొప్పి లేకుండా పాలు ధారగా వచ్చాయి.

ఈ పంప్ మొదట తేలికగా, వేగంగా లాగి చేపు తెప్పిస్తుంది, అంటే రొమ్ములో పాలు కిందికి దిగేలా చేస్తుంది; ఆ తరువాత నెమ్మదిగా, లోతుగా లాగుతుంది. రెండో దశకు తనంతట తానే మారుతుంది గానీ, పని ఒత్తిడిలో ఉన్నప్పుడు చేపు ఆలస్యమవుతుంది కాబట్టి బటన్ నొక్కి మొదటి దశకు తిరిగి వెళ్లే వీలుండడం నాకు బాగా ఉపయోగపడింది. స్థాయి పెంచితే పాలు ఎక్కువ వస్తాయన్నది నిజం కాదు. నొప్పి పుడితే చేపే ఆగిపోతుంది. హాయిగా ఓర్చుకోగల స్థాయిలో పెట్టి, చేత్తో రొమ్మును మెల్లగా అదిమితే మిగిలిన పాలు కూడా వస్తాయి.

కొన్ని నెలల తరువాత మోటారు శబ్దంలో ఏ తేడా లేకపోయినా లాగే శక్తి మాత్రం తగ్గింది. వాల్వ్‌ను వెలుతురులో పట్టుకుని చూస్తే, మూసుకుని ఉండాల్సిన చీలిక సన్నగా తెరుచుకుని కనిపించింది. కొత్త వాల్వ్ వేయగానే పంప్ మళ్లీ మొదటిలా పనిచేసింది. అందుకే పంప్ పాడైందని నిర్ణయించుకునే ముందు వాల్వులు మార్చి చూడమని గట్టిగా చెబుతాను. కడిగేటప్పుడు ఆ చీలికలో బ్రష్ పెట్టకుండా ఉంటే అవి ఎక్కువ కాలం మన్నుతాయి.

పాలు ట్యూబులోకి, మోటారులోకి పోకుండా అడ్డుపొర ఉండడం దీనిలో నాకు బాగా నచ్చిన విషయం. ట్యూబులో నీటి చెమ్మ కనబడితే గరాటు విప్పేసి, చెమ్మ ఆరేదాకా పంప్‌ను ఊరికే నడిపితే సరిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో శబ్దం బాగా వినిపిస్తుంది, వాడకం పెరిగేకొద్దీ ఛార్జింగ్ నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది, కడగాల్సిన భాగాలు మరీ ఎక్కువ. వాటిని నేరుగా సింకులో వేయకుండా ఇందుకోసమే ఉంచిన గిన్నెలో కడగాలి. రెండు నెలల లోపు బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఉన్న ఇళ్లలో రోజుకొకసారి మరిగించడం వంటి పద్ధతిలో క్రిములు లేకుండా చేయాలి.

తీసిన పాలు 25 డిగ్రీల లోపు వేడిమిలో 4 గంటలు, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 4 రోజులు నిల్వ ఉంటాయి. ఫ్రీజర్‌లో 6 నెలల్లోగా వాడడం మేలు. కరిగించిన పాలను మళ్లీ గడ్డకట్టించకూడదు, మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు, ఎందుకంటే అక్కడక్కడ మరీ వేడెక్కి బిడ్డ నోరు కాలవచ్చు. పైకి తేలిన కొవ్వును చూసి పాలు విరిగాయని పారబోయనక్కరలేదు, సీసాను మెల్లగా తిప్పితే కలిసిపోతుంది.

సీసాలో కొంచెమే పడిందని పాలు తక్కువయ్యాయని దిగులుపడే తల్లులకు ఒక మాట చెప్పాలి: బాగా తాగే బిడ్డ తీసుకున్నన్ని పాలు పంప్ చాలాసార్లు తీయలేదు. బిడ్డ సరిగా బరువు పెరుగుతూ, మూత్రం బాగా పోస్తుంటే అదే నమ్మదగిన గుర్తు. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం పంప్ వాడకం పెంచకుండా డాక్టర్‌ను కలవాలి.

ఇంటి పట్టునే ఉండి బిడ్డకు నేరుగా పాలిచ్చే తల్లికి ఈ యంత్రం అవసరం అంతగా ఉండదు, ఎప్పుడైనా చేత్తో తీసుకుంటే చాలు. రోజంతా బిడ్డకు దూరంగా ఉండాల్సిన తల్లికి నేను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. కొనే ముందు ఆ మోడల్‌కు చిన్న కొలతల గరాటులు, వాల్వులు విడిగా దొరుకుతాయో లేదో తెలుసుకోండి. దొరక్కపోతే మరో మోడల్ చూసుకోండి.